అత్తెసరు మార్కుల డాక్టరు

ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లో ఒకటి జబ్బు గురించి కాదు. ఒక తండ్రి రాశారు. వాళ్ళబ్బాయి ఎం.బి.బి.ఎస్. ఆఖరి పరీక్షల్లో మెడిసిన్ ప్రాక్టికల్స్ తప్పాడట. థియరీ పేపర్లలో మంచి మార్కులే వచ్చాయట. "మూడంటే మూడు మార్కులు తగ్గాయి డాక్టరమ్మగారూ. మీరు చాలాకాలం పరీక్షలు చేసినవారు కదా. ఆ మూడు మార్కులూ కలిపితే ఎవరి సొమ్మేం పోయింది? వాడు గది తలుపు తీయడం లేదు" అని రాశారు.

ఆరోగ్యశీర్షికలో యీ పరీక్షల గొడవెందుకని మీరు అనుకోవచ్చు. రేపు మీ పాపకి అర్ధరాత్రి జ్వరం వస్తే నాడి చూసేది ఆ పరీక్ష గట్టెక్కినవాళ్ళే. మనం నీళ్ళు కాచినవా కాదా అని అడుగుతాం, మందుసీసా మీద తేదీ చూస్తాం. డాక్టరుని మాత్రం ఎలా పరీక్షించి బయటికి పంపారో ఎప్పుడూ అడగం. గోడకి పట్టా వేలాడుతుంటే చాలు, దండం పెట్టి కూర్చుంటాం. ఆ పట్టా మీద మార్కులు వుండవు. నూటికి తొంభై తెచ్చుకున్నవాడిదీ, యాభై తెచ్చుకున్నవాడిదీ ఒకటే పట్టా.

మన దేశంలో వైద్య విద్యార్థికి పాసు గీత చాలాకాలంగా నూటికి యాభై. అంటే సగం తెలియకపోయినా డాక్టరేనా? ఒకామె నన్ను అలాగే అడిగింది, అదీ నేను ఆమె రక్తపోటు చూస్తుండగా. న్యాయమైన ప్రశ్నే. అయితే దానికి జవాబు యాభై అన్న అంకెలో లేదు. ఆ నూరు మార్కులకీ ఏమేం అడిగారన్న దానిలో వుంది. సులువైన ప్రశ్నలు ఇచ్చి నూటికి డెబ్బై గీత పెట్టినా పనికిరానివాడు పాసైపోతాడు. గడ్డు ప్రశ్నలు ఇస్తే నలభై అయిదు తెచ్చుకున్నవాడు కూడా మంచి డాక్టరే కావచ్చు.

బొటాబొటీ పాసుని మనం "అత్తెసరు మార్కులు" అని వెక్కిరిస్తాం. అత్తెసరంటే వంటింటి మాట. గంజి వార్చే పని లేకుండా, ఎసరు కొలత ప్రకారం పోసి అన్నం వండటం. కొలత సరిగ్గా వుంటే ఆ అన్నానికి వంకేమీ వుండదు. కొలత తప్పితేనే పలుకు. కాబట్టి అత్తెసరు మార్కుల డాక్టరని నవ్వకండి. ఆ కొలత ఎవరు పోశారు, ఎలా పోశారు అని అడగండి. గీత సరైన చోట గీసివుంటే, ఆ గీత మీద నిలబడ్డ ఆఖరి విద్యార్థి చేతిలో కూడా మీ ప్రాణానికి భయం వుండకూడదు. గీత వున్నది అందుకే.

ఇక్కడ ఒక గందరగోళం విడదీయాలి. పరీక్షలు రెండు రకాలు. ఒకటి పరుగుపందెం. వందమంది పరిగెత్తితే ముందొచ్చిన పదిమందికీ బహుమతి. అందరూ నెమ్మదిగా పరిగెత్తినా పదిమందికి బహుమతి వచ్చి తీరుతుంది. రెండోది డ్రైవింగు లైసెన్సు పరీక్ష. ఎనిమిది అంకె ఆకారంలో బండి నడపమంటారు. పొద్దుట్నుంచీ వచ్చినవాళ్ళందరూ కాలు కింద పెట్టేస్తే, "వీళ్ళలో ఇతను కాస్త నయం" అని లైసెన్సు ఇవ్వరు కదా, ఇవ్వకూడదు కదా.

మెడికల్ కాలేజీలో చేరడానికి రాసే నీట్ పరుగుపందెం లాంటిది. అందులో జనరల్ విభాగానికి అర్హత 50 పర్సంటైల్. చాలామంది తల్లిదండ్రులు దీన్ని నూటికి యాభై మార్కులనుకుంటారు. కాదు. రాసినవాళ్ళలో సగంమంది కన్నా పైన వుండటం అన్నమాట. 2022లో ఆ అర్హత మార్కు 720కి 117. 2023లో 137. అంటే నూటికి ఇరవై కూడా కాదు. సీట్లు పంచడానికి పరుగుపందెం పెట్టుకుంటే పెట్టుకోవచ్చు, అర్హత వచ్చినంతమాత్రాన సీటూ రాదు. 2023 సెప్టెంబరులో పి.జి. సీట్లకి అర్హత పర్సంటైల్‌ని సున్నాకి దించారు. వాళ్ళందరూ అప్పటికే ఎం.బి.బి.ఎస్. పాసైన డాక్టర్లు, సీట్లు ఖాళీగా పోతున్నాయి అన్నది దానికి సమర్థన. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని దాని అర్థం చూడండి. లోపలికి వచ్చే తలుపులు ఎంత వెడల్పయితే, బయటికి పంపే తలుపు దగ్గర అంత గట్టి కాపలా వుండాలి. ఆ తలుపే మెడిసిన్, సర్జరీ, కాన్పులు, పిల్లల జబ్బుల ఆఖరి పరీక్షలు.

ఆ పరీక్ష ఎలా జరుగుతుందో బయటివాళ్ళకి తెలియదు. థియరీ సరే, కాగితం మీద రాసేది. ప్రాక్టికల్స్‌లో విద్యార్థికి ఒక రోగిని ఇస్తారు. దాన్ని లాంగ్ కేస్ అంటారు. ముప్పావుగంటో గంటో టైము. రోగితో మాట్లాడి, పరీక్షించి, జబ్బేమిటో తేల్చుకోవాలి. తర్వాత పరీక్షకులు వచ్చి, "ఏం చూశావు, చెప్పు" అంటారు. గమనించారా? పాతకాలపు పద్ధతిలో విద్యార్థి రోగి దగ్గర ఎలా మసలుకున్నాడో ఎవరూ చూడరు. వంట రుచి చూడకుండా, వండిన విధం నోటితో చెప్పించుకుని మార్కులు వేసినట్టు. పైగా అంతా ఒక్క రోగి మీద. ఒకడికి చూడగానే తెలిసిపోయే కామెర్ల రోగి వస్తాడు, పక్కవాడికి ఏమీ చెప్పలేని, చెవుడున్న ముసలాయన వస్తాడు. పరీక్షకుల్లో మెత్తనివాళ్ళుంటారు, కరకువాళ్ళుంటారు. మధ్యాహ్న భోజనానికి ముందొక మార్కు, తర్వాతొక మార్కు. కాలేజీవాళ్ళు బయటి పరీక్షకులకి చేసే మర్యాదల సంగతి ఎత్తకపోవడమే మర్యాద.

ఇంకో తమాషా. పరీక్షల రోజుల్లో కబురు పెడితే వచ్చే పాత రోగులు కొందరుండేవారు. ఏళ్ళ తరబడి గుండె కవాటం జబ్బుతోనో పెద్ద ప్లీహంతోనో తిరిగేవాళ్ళు. వాళ్ళకి తమ జబ్బు పేరు ఇంగ్లీషులోనే వచ్చు. తత్తరపడే పిల్లల్ని చూసి జాలిపడి, "నాది మైట్రల్ స్టెనోసిస్ బాబూ, ఎడమపక్కకి తిరుగుతాను, విను" అని అందించేవారు. కాఫీ డబ్బులు పుచ్చుకునీ అందించేవారు. అలా పాసైన డాక్టర్లు కొందరు ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు లెండి.

ఒక సంగతి చెబుతాను. ఊరూ కాలేజీ చెప్పను. ఒకే రోజు ఇద్దరు విద్యార్థులు. మొదటివాడు చురుకైనవాడు. అతనికి గుండె కవాటం ఇరుకైన ఒక పల్లెటూరి స్త్రీ వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. గుండె చప్పుళ్ళు విని అతను చెప్పిన తీరు నిజంగా ముచ్చటేసింది. చాలామంది పెద్ద డాక్టర్లు కూడా అంత శుద్ధంగా చెప్పలేరు. కాని అంతకుముందు నేను పక్క మంచం దగ్గరికి వెడుతూ ఒకటి చూశాను. ఆమెతో ఒక్క మాటయినా చెప్పకుండా, అటూ ఇటూ మనుషులు తిరుగుతుండగా, అతను ఆమె పమిట లాగేశాడు. ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. అతను ఆమె మొహం చూడనేలేదు.

రెండోవాడు నెమ్మదస్తుడు. అతనికి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిన పెద్దాయన. అతనితో "పెదనాన్నా, ఇలా ఆనుకోండి" అని తలగడ సర్ది, చేతులు రుద్దుకుని వెచ్చజేసుకుని మరీ పరీక్షించాడు. అంతా బాగుంది. కాగితం మీద మాత్రం ఊపిరి నిమిషానికి 20 అని రాశాడు. "లెక్కపెట్టావా?" అన్నాను. "పెట్టాను మేడమ్" అన్నాడు. ఇద్దరం మంచం దగ్గరికి వెళ్ళి గడియారం పట్టుకుని లెక్కపెట్టాం. 32.

ఇది ఆ కుర్రవాడి ఒక్కడి జబ్బు కాదు. లెక్కపెట్టకుండా 20 అని రాయడం వార్డుల్లో పాత అలవాటు. నాడి చూస్తారు, రక్తపోటు చూస్తారు, ఊపిరికి మాత్రం నిమిషం ఎవరూ కేటాయించరు. పెద్దవాళ్ళకి విశ్రాంతిగా వున్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 మామూలు. న్యుమోనియా రోగికి 30, ఆ పైన వుంటే ప్రమాద సూచనల్లో అదొకటి. పసిపిల్లల లెక్క వేరు. దగ్గు, జలుబు వున్న బిడ్డకి, రెండు నెలల లోపయితే 60, రెండు నెలల నుంచి ఏడాది లోపయితే 50, ఏడాది నుంచి అయిదేళ్ళ లోపయితే 40, అంతకు తగ్గకుండా ఊపిరి తీస్తుంటే అది వేగమైన శ్వాస. వెంటనే డాక్టరుకి చూపించాలి. దీనికి యంత్రం అక్కర్లేదు. బిడ్డ ఏడవకుండా వున్నప్పుడు పొట్ట ఎత్తు పల్లాలు చూస్తూ నిండుగా ఒక నిమిషం లెక్కపెట్టండి. ఈ కాగితం కత్తిరించి దాచుకున్నా సరే.

సాయంత్రం మార్కులు వేసేటప్పుడు తగువు వచ్చింది. రెండోవాడు మూడు మార్కుల దూరంలో ఆగాడు. నాతోపాటి పరీక్షకుడు, నాకన్నా పెద్దవారు, "మంచి పిల్లవాడమ్మా, మర్యాద తెలిసినవాడు. మూడు మార్కులు వేసేద్దాం" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఎందుకంటే ఏడాది తిరిగేసరికి అతను ఏ ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలోనో రాత్రిపూట ఒక్కడే వుంటాడు. ఆయాసంతో వచ్చిన మనిషిని సిరప్ ఇచ్చి ఇంటికి పంపాలా, 108 పిలిచి పెద్దాసుపత్రికి పంపాలా అన్నది ఆ ఒక్క అంకె మీద తేలవచ్చు. లెక్కపెట్టకపోవడం ఒకటి, పెట్టానని చెప్పడం ఇంకొకటి. మంచితనం చూసి ఆ రెండూ వదిలేస్తే, నష్టపోయేది ఆ గదిలో లేని మనిషి. అతను తప్పాడు. తర్వాతి పరీక్షలో పాసయ్యాడు.

మరి మొదటివాడో? అతను మంచి మార్కులతో పాసయ్యాడు. మార్కుల పట్టికలో వివరాలు అడగటానికిన్ని, పరీక్షకిన్ని, చర్చకిన్ని అని గడులున్నాయి. ఆమె మొహానికి గడి లేదు. నేను ఆయనతో అన్నాను, ఈ ఇద్దరిలో ఎవరు తప్పినా రెండోవాడు కూడా తప్పాలి అని. ఆయన నవ్వి, "పట్టికలో లేనిదానికి మార్కులు ఎక్కడ కొయ్యను?" అన్నారు. ఆయన చెప్పింది నిజమే.

మేమిద్దరం వాదించుకున్నది పరీక్ష అయ్యాక, పిల్లల మొహాలు కళ్ళముందు వుండగా. ఆ వాదన జరగాల్సింది పరీక్షకి ముందు, ఏ పిల్లవాడు ఎవరో తెలియనప్పుడు. దీనికి ఒక పద్ధతి వుంది. అమెరికాలో విలియం యాంగాఫ్ అనే ఆయన 1971లో దాన్ని రాశాడు. ఆ ఆలోచన తనది కాదు, లెడ్యార్డ్ టక్కర్‌ది అని ఆయనే చెప్పుకున్నాడు గాని, పేరు మాత్రం యాంగాఫ్‌దే నిలిచిపోయింది. పద్ధతి ఇదీ. ఆ విషయం బాగా తెలిసిన కొందరు ఉపాధ్యాయులు కూర్చుంటారు. గీత మీద నిలబడే విద్యార్థిని, అంటే మన అత్తెసరు విద్యార్థిని, ఊహించుకుంటారు. "విరేచనాలతో కళ్ళు పీక్కుపోయిన పసివాడికి ముందేం చేస్తావు?" అనేది ఒక ప్రశ్న అనుకోండి. అలాంటి విద్యార్థులు వందమంది వుంటే ఎంతమంది సరిగ్గా చెప్పాలి? తొంభైమంది, అంటాడొకాయన. ఇంకొకామె తొంభై అయిదంటుంది. అరుదైన జబ్బు మీద ప్రశ్నయితే ముప్పై అంటారు. ఇలా ప్రతి ప్రశ్నకీ అంకె వేసి, సగటు తీస్తే ఆ పేపరుకి పాసు గీత వస్తుంది. ఒక ఏడు అది 46 కావచ్చు, ఇంకో ఏడు 62 కావచ్చు. పేపరు కఠినమైతే గీత దానంతటదే దిగుతుంది, సులువైతే ఎక్కుతుంది. ఇందులోనూ మనుషుల అంచనాయే వుంది, కాదనను. కాని ఆ అంచనా ముందుగా, నలుగురిలో, రోగిని దృష్టిలో పెట్టుకుని వేసింది.

దీనితోపాటు ఇంకొకటి కావాలి. కొన్ని పనులు మొత్తం మార్కుల్లో కలిసిపోకూడదు. ఇంజెక్షన్‌కి ఒళ్ళు విషమించి రక్తపోటు పడిపోతున్న మనిషికి ఎడ్రినలిన్ ఇవ్వాలని తెలియనివాడు, మిగతా అన్నిటిలో ఎనభై తెచ్చుకున్నా ఆ గడప దాటకూడదు. ఉప్పు లేని కూరకి పాయసంలో చక్కెర ఎక్కువ వేసి సరిపెట్టలేం.

రోగి దగ్గర మసలుకునే తీరు సంగతి కూడా దారి దొరికింది. స్కాట్లండులోని డండీలో రొనాల్డ్ హార్డెన్, ఆయన సహచరులు 1975లో ఓస్కీ అనే పరీక్ష వివరాలు ప్రచురించారు. ఒక రోగి బదులు వరసగా చాలా మజిలీలుంటాయి. గంట మోగితే విద్యార్థి ఒక మజిలీ నుంచి ఇంకో మజిలీకి వెడతాడు. ఒకచోట రక్తపోటు చూడాలి, ఒకచోట తల్లికి బిడ్డ జబ్బు వివరించాలి, ఒకచోట ఎక్స్‌రే చదవాలి. అందరికీ అవే మజిలీలు, అవే ప్రశ్నలు, ముందుగా రాసుకున్న మార్కుల జాబితా. పరీక్షకుడు పక్కనే వుండి చూస్తాడు. ఎవరి అదృష్టం వారిది అన్నమాట చాలావరకు పోయింది. అలాగని ఇదీ దోషం లేనిది కాదు. మర్యాదకి ఒక మార్కు వుందని తెలిసి, గదిలోకి వస్తూనే బొమ్మకి కూడా "క్షమించండమ్మా, పరీక్షించవచ్చునా" అని అప్పజెప్పే పిల్లల్ని చూశాను. అయినా పమిట లాగేయడం కన్నా బట్టీపట్టిన మర్యాదే నయం. నోటికి అలవాటైనది ఎప్పటికో చేతికి వస్తుంది.

మన దేశంలో 2019లో చేరిన విద్యార్థుల నుంచి పద్ధతి మారింది. ఇన్ని గంటలు కూర్చున్నాడా అని కాక, ఫలానా పని చేయగలడా అని చూడాలన్నారు. చేసిన పనులు లాగ్ పుస్తకంలో రాసి గురువుగారి సంతకం తీసుకోవాలి. రోగితో మాట్లాడటం, నడవడిక కూడా పాఠ్యక్రమంలో చేరాయి. కాగితం మీద చక్కని మార్పు. సంతకాలు ఆఖరి వారంలో ఒకేసారి పెట్టే చోట మాత్రం అది కాగితం మీదే వుంటుంది. 2023లో రెండు పేపర్లుండే సబ్జెక్టులకి పాసు మార్కు 50 నుంచి 40కి దించుతామని జాతీయ వైద్య కమిషన్ ఓసారి ప్రకటించి, కొద్దిరోజులకే వెనక్కి తీసుకుంది. పత్రికల్లో పెద్ద చర్చ జరిగింది, అంతా నలభయ్యా యాభయ్యా అనే. ఆ నూటిలో ఏముండాలి, ఏది తెలియకపోతే ఎన్ని మార్కులొచ్చినా ఆపాలి అని అడిగిన గొంతులు నాకు పెద్దగా వినపడలేదు.

ఇక ఆ తండ్రిగారికి. అయ్యా, మూడు మార్కుల కోసం తిరగకండి. మీ అబ్బాయి థియరీలో మంచి మార్కులు తెచ్చుకున్నాడంటే పుస్తకం వచ్చు. తగ్గింది మంచం దగ్గరి పని. అది నేర్చుకోవడానికి తెలివి కాదు, సాయంత్రాలు కావాలి. సప్లిమెంటరీ పరీక్ష దాకా రోజూ వార్డుకి వెళ్ళి, ఇద్దరు రోగుల్ని మొదటినుంచీ చివరిదాకా చూడమనండి. హౌస్‌సర్జన్ చూస్తుండగా చెయ్యమనండి. ఎక్కడ మార్కులు పోయాయో ప్రొఫెసరుగారిని అడగమనండి. అడిగితే చాలామంది చెబుతారు. తోటివాళ్ళు కొన్ని నెలలు ముందుంటారు, అంతే. నలభై ఏళ్ళ వృత్తిలో అదో లెక్క కాదు.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది మార్కులు కాదు, వాడు తలుపు తీయడం లేదన్న మాట. రెండు మూడు రోజులు మౌనంగా వుండటం సహజం. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, "నేనెందుకింక" లాంటి మాటలు, ఎవరితోనూ కలవకపోవడం వుంటే ఊరుకోకండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది వట్టి భయం. అవునంటే ఒంటరిగా వదలకుండా, అదే రోజు మానసిక వైద్యులకి చూపించండి. 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416కి రాత్రయినా పగలయినా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. కేంద్రానికి మొదటి ర్యాంకు వచ్చిన పిల్లవాడికి ఓటమి అలవాటు వుండదు. బంధువుల ముందు ర్యాంకు ప్రస్తావన కొన్నాళ్ళు మానండి.

మిగతా పాఠకులకి ఒక మాట. మీరెప్పుడైనా పెద్దాసుపత్రి మంచం మీద వుండగా విద్యార్థులు వస్తే, సాధారణంగా ఒప్పుకోండి. వాళ్ళు నేర్చుకునేది మన దగ్గరే. కాని అలసటగా వుంటే "ఇప్పుడు వద్దు బాబూ" అనవచ్చు. ఆడవాళ్ళు తెర వేయమనవచ్చు, పక్కన నర్సునో తోడు వచ్చినవాళ్ళనో వుంచమనవచ్చు. నొప్పి పుడితే చెప్పండి. వాళ్ళని తీసుకొచ్చిన ప్రొఫెసరు "ఎలా చూశాడమ్మా?" అని అడిగితే, బావుందని తప్పించుకోకండి. పేరు అడిగాడా, చేతులు కడుక్కున్నాడా, చేసేముందు చెప్పాడా, ఊపిరి లెక్కపెట్టాడా, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అలా చెప్పినందుకు మీ వైద్యంలో లోటు చేసే హక్కు ఎవరికీ లేదు.